సుభద్ర వంతు: రేపల్లె మీదుగా సూర్యలంకకి

ఇవాళ ప్రయాణంలో మూడో రోజు. పొద్దున ఏడింటికి రేపల్లెలో బాపట్ల బస్సెక్కాను. చెరుకుపల్లి, చందోలు దాటి పిట్టలవానిపాలెం వచ్చేసరికి రోడ్డు పక్కన ఒకతను తాటి ముంజలు కొడుతూ కనిపించాడు. బాపట్ల దాకా టిక్కెట్టు ఉన్నా అక్కడే దిగిపోయాను. కడుపునిండా ముంజలు తిని, రెండు గెలలు కట్టించుకుని, చెట్టు నీడన కూచున్నాను. తరవాతి బస్సు పదకొండింటికి గాని రాలేదు. బాపట్లలో దిగి, రూపాయికి జట్కా మాట్లాడుకుని, మధ్యాహ్నం భోజనాల వేళకి అత్తగారింటికి చేరాను. భోజనం అయింది. ఇంట్లో వాళ్ళు పడుకున్నారు. నేను వసారాలో కూచుని ఇది రాయడం మొదలుపెట్టాను. రేపు వైశాఖ పౌర్ణమి, సూర్యలంకలో సముద్రస్నానం. రేపు సాయంత్రానికి తెనాలిలో మా ఇల్లు చేరాలి, ఎల్లుండి నాకు డ్యూటీ ఉంది. పన్నెండేళ్ళ నా కూతురు పద్మ నాతో వస్తుందో, అమ్మమ్మ దగ్గరే ఉండిపోతుందో ఇంకా తేలలేదు.

నా భార్య సుభద్ర పోయి ఏడాది దాటింది. మామూలు జ్వరం అనుకున్నాం. కాదు. కిందటి నెలలో సంవత్సరీకం పెట్టాం. అప్పట్లో దినాలు అయిన వెంటనే అత్తగారు పద్మని బాపట్ల తీసుకొచ్చారు. ఆడదిక్కు లేని ఇంట్లో ఎదిగే పిల్లని ఎలా ఉంచుతామని చుట్టాల చేత అడిగించారు. సరేనన్నాను. ఈ జూన్‌లో పద్మ ఎనిమిదో క్లాసుకి వస్తుంది. ఇక్కడి హైస్కూల్లో చేరిందంటే చదువు అయ్యేదాకా ఇక్కడే. ఇంటికి వస్తావా అని అడగాలి. ఉత్తరంలో అడగడం నాకు ఇష్టం లేకపోయింది.

తెనాలి నుంచి బాపట్లకి మెయిన్ లైన్లో గంటన్నర ప్రయాణం. పొద్దున బయల్దేరితే టిఫిను వేళకి చేరిపోవచ్చు. అయినా రేపల్లె మీదుగా చుట్టు తిరిగి మూడు రోజులు తీసుకున్నాను. ఎందుకో చెప్పాలి. ఇలాంటి ప్రయాణం పెట్టుకోవాలనుకునే ఆలుమగలకి అది పనికొస్తుంది కూడా.

పెళ్ళయిన మరుసటి ఏడాది నుంచి, అంటే అరవై మూడు నుంచి, మేమిద్దరం వీలు చిక్కినప్పుడల్లా ఒక్కరోజు ప్రయాణాలు చేసేవాళ్ళం. పొద్దున వెళ్ళి రాత్రికి ఇల్లు చేరే దూరాలే. సూర్యలంక, నిజాంపట్నం, పెనుమూడి రేవు, చీరాల. నేను కాలవల ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌ని. ముందురోజే టైము టేబుల్ చూసుకుంటాను. ఎక్కడ ఎంతసేపు ఉండాలో, ఏం చూడాలో, ఎక్కడ తినాలో అనుకుని మరీ బయల్దేరతాను. సుభద్ర పద్ధతి వేరు. ఏ బండి ముందొస్తే అది ఎక్కాలి. కిటికీలోంచి ఏదన్నా బాగుంటే దిగిపోవాలి. ఎక్కడ పోపు వాసన బాగా వస్తే అక్కడ భోజనం. దారి ఆడవాళ్ళనే అడిగేది. మగవాళ్ళు ఎంత దూరమో చెప్తారు, ఆడవాళ్ళు దారిలో ఏముందో చెప్తారు అనేది. ఒకరి పద్ధతి ఒకరికి సరిపడక వంతులు పెట్టుకున్నాం. ఒకసారి నా ఇష్టం, మరోసారి ఆమె ఇష్టం. ఎవరి వంతైతే టిక్కెట్లు వాళ్ళ దగ్గర ఉంటాయి. రెండోవాళ్ళు ఎక్కడికని అడగకూడదు, ఎందుకని అడగకూడదు. మా ఆఖరి ప్రయాణం నా వంతు. చీరాల వెళ్ళి, ఆమెకో చీర కొని, అనుకున్న బండికే తిరిగొచ్చాం. కాబట్టి ఇప్పుడు వంతు ఆమెది. ఆమె పద్ధతిలోనే బాపట్ల చేరదామనుకున్నాను.

తెనాలి నుంచి రేపల్లెకి పొద్దున ఏడు దాటాక ప్యాసింజరు ఉంటుంది. టిక్కెట్టు రూపాయిన్నర లోపే, గంటన్నరకి కాస్త అటూ ఇటూగా చేరుస్తుంది. వేసవిలో వెళ్ళేవాళ్ళు కుడివైపు కూచోండి, పొద్దుటి ఎండ ఎడమవైపు పడుతుంది. ఈ నెలల్లో మా డెల్టా అందంగా ఏమీ ఉండదు. కాలవలకి నీళ్ళు కట్టేస్తారు. చేలు బీటలు తీసి ఉంటాయి. కాలవ అడుగున మిగిలిన బురదలో జనం చేపలు పడుతుంటారు. సుభద్రకి ఈ కాలమే ఇష్టం. నీళ్ళుంటే నీళ్ళే కనిపిస్తాయి, ఇప్పుడైతే మీ కాలవ కనిపిస్తుంది అనేది. రోజంతా కాగితం మీద కాలవలు గీసేవాణ్ణి నేను. ఈ మాట నాకు తోచలేదు.

వేమూరులో పెళ్ళివారు ఎక్కారు. ట్రంకుపెట్టెలు, మల్లెపూల బుట్టలు, సన్నాయి వాయించే ఇద్దరు, తలకి తువ్వాలు చుట్టిన పెద్దాయన. పెట్టెలు సర్దేసరికి ఒక స్టేషను దాటిపోయింది. పెద్దాయన నా ఎదురుగా కూచుని, ఎందాకా అని అడిగాడు. ఇంకా తెలీదన్నాను.

“టిక్కెట్టు తీశావా?”

“రేపల్లెకి తీశానండి.”

“తీసినవాడివి నీకే తెలీకపోతే ఇక ఇంజను డ్రైవర్ని అడగాల్సిందే” అన్నాడు. ఆడవాళ్ళు నవ్వారు. తరవాత ఆయన, “ఒక్కడివేనా బాబూ?” అన్నాడు. ఒక్కడినే అన్నాను. పనేమీ లేకపోతే భట్టిప్రోలులో దిగమన్నాడు. మనవడి పెళ్ళి, మధ్యాహ్నం భోజనం చేసి సాయంత్రం బండికి పోవచ్చన్నాడు. నా వంతైతే దండం పెట్టి వద్దనేవాణ్ణి. ఆమె వంతు కాబట్టి దిగాను.

మగపెళ్ళివారితో కలిసి దిగినవాడు మగపెళ్ళివారే. ఆడపెళ్ళివాళ్ళు నాకు కాళ్ళకి నీళ్ళిచ్చారు, పానకం ఇచ్చారు, విసనకర్ర చేతికిచ్చారు. పెళ్ళికూతురి మేనమామ నా మీద ఒక కన్నేసి ఉంచాడు. కట్నకానుకల దగ్గర అలిగే బంధువులు కొందరుంటారు. ముఖం చూసి నన్ను ఆ జాబితాలో వేసుకున్నాడనుకుంటాను. పంక్తిలో మామిడికాయ పప్పు, పనసపొట్టు కూర, గుమ్మడికాయ పులుసు, బూరెలు. కూర బాగోలేదా అని నన్ను మూడుసార్లు అడిగాడు. బాగుందని మూడుసార్లూ చెప్పాను. నేను ముక్తసరిగా మాట్లాడే తీరుకి ఆయన అనుమానం తీరలేదు. నాలుగో బూరె కూడా తిన్నాక కాస్త కుదుటపడ్డాడు.

బయల్దేరేటప్పుడు పెళ్ళికూతురి తల్లి వచ్చింది. చేతిలో పళ్ళెం. అరటిపళ్ళు, తమలపాకులు, పసుపు, కుంకుమ పొట్లం, ఆకుపచ్చ రవికల గుడ్డ.

“అమ్మగారిని తీసుకురాలేదేంటండి?” అంది.

“రాలేదండి” అన్నాను.

“అయితే ఇవి ఆవిడకివ్వండి. మా ఇంటి శుభకార్యం. వట్టి చేతులతో పంపితే మాకు బాగోదు.”

ఆవిడ లేదని ఆ పందిట్లో చెప్పాలనిపించలేదు. ఇచ్చింది కాదనడం సుభద్ర పద్ధతిలో లేదు కూడా. సంచిలో పెట్టుకున్నాను. సాయంత్రం బండికి రేపల్లె చేరి, స్టేషనుకి దగ్గర్లో మూడు రూపాయలకి గది తీసుకున్నాను. గదిలో కిటికీ ఉందో లేదో ముందు చూసుకోండి. నాకు ఇచ్చినదాంట్లో లేదు.

రెండో రోజు పెనుమూడి. రేపల్లె నుంచి బస్సులో అరగంట. అక్కడ కృష్ణ దాటడానికి పడవలు ఉన్నాయి. మనిషికి పావలా, సైకిలు ఉంటే దానికి వేరే. పొద్దున తొమ్మిది లోపు వెళ్తే మంచిది. ఆ తరవాత సముద్రపు గాలి లేస్తుంది. అవతల పులిగడ్డ. అక్కడ కాలవని నదీపాయ మీదుగా దాటించిన అక్విడక్టు ఉంది. అరవై ఎనిమిదిలో నా వంతు వచ్చినప్పుడు సుభద్రని దాని పొడుగునా నడిపించాను. దాని కింద నీళ్ళు పారే ఖానాలు లెక్కపెట్టించాను. అంతా విని, “గోడ బాగుందండి” అంది. మరుసటిసారి తన వంతుకి నన్ను మళ్ళీ అదే రేవుకి తీసుకొచ్చింది. పడవ అవతలి ఒడ్డు చేరింది, అందరూ దిగారు, ఆమె దిగలేదు. ఎందుకని అడగకూడదు కాబట్టి నేనూ కూచున్నాను. తిరుగు పడవలో వెనక్కి వచ్చాక, నది చూద్దామని వచ్చాం గదా, దిగితే ఊరు కనిపిస్తుంది అని తనే చెప్పింది.

నిన్న నేనూ అలాగే చేశాను. అవతలి ఒడ్డు చేరాక పడవతను నా కోసం కాసేపు చూశాడు.

“వచ్చేశాం సార్, దిగండి.”

“మళ్ళీ పెనుమూడికే వస్తాను.”

“ఇక్కడ పని లేదా అండి?”

“లేదు.”

నా చెప్పులు, కళ్ళజోడు చూశాడు. “బ్రిడ్జి సర్వేకా సార్? మా తాత పడవేసే రోజుల నుంచి వేస్తామంటున్నారు. మీరొకళ్ళు తక్కువయ్యారు” అన్నాడు. సర్వే కాదన్నాను. ఊరికే చూడ్డానికి అన్నాను. నమ్మలేదు. తిరుగు పావలా మాత్రం ముందే తీసుకున్నాడు. తెడ్డు పట్టుకున్న రెండోవాడితో, మన పడవలు ఇక ఎన్నాళ్ళో లేవురా అని నాకు వినపడేటట్టే చెప్పాడు.

తిరుగు పడవలో మధ్య బల్ల మీద ఎడమ చివర కూచున్నాను. కోళ్ళ గంపతో ఒకావిడ ఎక్కింది. పడవంతా నిండింది, నా పక్కన చోటుంది. ఆవిడ నిలబడే, “ఇక్కడ ఎవరన్నా వస్తారా అన్నయ్యా?” అని అడిగింది. నేను నా సంచి కూడా పెట్టకుండా ఆ చోటు వదిలి కూచున్నానని అప్పుడు చూసుకున్నాను. ఎవరూ రారమ్మా, కూచోమన్నాను. గంప మా కాళ్ళ మధ్య పెట్టింది. ఒడ్డు వచ్చేదాకా కోడిపెట్ట నా చెప్పు పొడుస్తూనే ఉంది. నది చూశాను. వేసవి అయినా ఆటుపోటు నీళ్ళు ఉంటాయి అక్కడ, వెడల్పుగా, బూడిద రంగులో. మధ్యాహ్నం రేపల్లెలో మెస్సు భోజనం, రెండు రూపాయలు. వడ్డించేవాడు కూడా ఒక్కరేనా అని అడిగాడు. ఒంటరిగా తిరిగేవాళ్ళు ఈ ప్రశ్నకి జవాబు సిద్ధం చేసుకోవాలి. అడిగేవాళ్ళలో చెడ్డ ఉద్దేశం ఉండదు. ఎన్ని విస్తళ్ళు వెయ్యాలో తెలియాలి కదా.

ఇవాళ్టి సంగతి మొదట్లోనే రాశాను. కండక్టరు మాట ఒకటి మిగిలింది. పిట్టలవానిపాలెంలో నేను దిగుతుంటే, బాపట్ల టిక్కెట్టు తీసి ఇక్కడ దిగుతారేంటండి అన్నాడు. ముంజల కోసం అన్నాను. బాపట్లలో దొరకవా అన్నాడు. దొరుకుతాయన్నాను. ఇంకేమీ అనకుండా విజిల్ వేశాడు.

ఇక్కడి దాకా మధ్యాహ్నం రాశాను. మిగతాది దీపాలు పెట్టాక రాస్తున్నాను.

అత్తగారు నాతో నేరుగా మాట్లాడరు. ఆ తరం ఆడవాళ్ళకి అల్లుడి ఎదుట పడి మాట్లాడే అలవాటు లేదు. తలుపు వెనక నిలబడి కూతురితో చెప్పేవారు, కూతురు నాతో చెప్పేది. ఇప్పుడు మధ్యలో పద్మ ఉంది. సాయంత్రం నేను వసారాలో, అత్తగారు తలుపు వెనక, పద్మ గడప మీద ముంజలు తింటూ. మా మధ్య ఉన్నది ఒక్క చెక్క తలుపు. ఎవరు ఏమన్నా మిగతా ఇద్దరికీ వినపడుతుంది. అయినా ప్రతి మాటా పద్మ మీదుగానే రావాలి, పోవాలి.

“మీ నాన్నగారిని అడగవే, పొద్దుట వంట ఎవరు చేస్తున్నారని.”

“వంట ఎవరు చేస్తున్నారు నాన్నా?”

“నేనే.”

“నాన్నే చేసుకుంటున్నాడట అమ్మమ్మా.”

“ఏం వండుకుంటున్నారో అడుగు.”

పద్మ నా వైపు చూసింది. పప్పు అన్నాను.

“రోజూనా?” ఇది అమ్మమ్మ అడిగింది కాదు.

“రోజూ.”

పద్మ తలుపు వైపు తిరిగి, “అన్ని రకాలూ చేస్తున్నాడట” అంది.

ఏడాదిగా నేను అడగలేకపోయిన దానికి సగం జవాబు నాకు అక్కడ దొరికింది. సగమే. మిగతా సగం అత్తగారి చేతుల్లో ఉంది. ఆవిడ అడగాల్సిందే అడిగారు. ఎదిగే పిల్ల, రేపో మాపో ఒక ఆడమనిషి అవసరం పడుతుంది, అప్పుడు ఏం చేస్తారని. ఈసారి పద్మ ఆ మాట నాకు అందించలేదు. ముంజ చేతిలో పట్టుకుని తల దించుకుంది. నేనే పద్మతో అంటున్నట్టుగా తలుపుకి వినపడేలా చెప్పాను. పక్క వాటాలో ఎలిమెంటరీ స్కూలు టీచరుగారు బీబీగారు ఉన్నారని, సుభద్ర ఉన్నప్పటి నుంచి మా రెండు ఇళ్ళకీ ఒకటే పెరడని, పిల్లని తీసుకురండి నేను చూసుకుంటానని ఆవిడే నాతో అన్నదని. సెలవులు ఇచ్చిన రోజునే పద్మని ఇక్కడికి తీసుకొస్తానని కూడా చెప్పాను. ఈ ఏడాదిలో నేను అన్ని మాటలు ఒక్కసారిగా ఎప్పుడూ మాట్లాడలేదు.

అత్తగారు, నా సంచిలో ఆ పొట్లం ఏంటో అడగమన్నారు. తీసి పద్మకిచ్చాను. భట్టిప్రోలు పెళ్ళి సంగతి చెప్పాను. నాలుగో బూరె దగ్గరికి వచ్చేసరికి తలుపు వెనక ఆవిడ నవ్వు వినపడింది. ఎవరికిమ్మని ఇచ్చారో చెప్పాక నవ్వు ఆగింది. పద్మ రవికల గుడ్డ ఒళ్ళో పెట్టుకుని మడత విప్పకుండా చూస్తూ కూచుంది.

“ఈసారి అమ్మ వంతా నాన్నా?” అంది. వంతుల సంగతి దానికి తెలుసు. చాలా ప్రయాణాల్లో మా ఇద్దరి మధ్యా కూచుంది.

“అవును.”

“ఎక్కడి దాకా?”

“రేపు సముద్రం దాకా.”

“సముద్రం దగ్గర ఒకసారి మీ నాన్న చొక్కా పట్టుకుని నేను వదల్లేదు అనేది అమ్మ. ఎందుకంటే మీ నాన్ననే అడుగు అని నవ్వేది. నువ్వేమో ఎప్పుడూ చెప్పలేదు” అంది.

చెప్పాను. మామూలు రోజుల్లో సముద్రాన్ని చూడాలి గాని తాకకూడదని మా వైపు పట్టింపు ఉంది. ఆషాఢం, కార్తీకం, మాఘం, వైశాఖం, ఈ నాలుగు నెలల పౌర్ణములకే స్నానం. అరవై మూడులో మేం మొదటిసారి సూర్యలంక వెళ్ళింది వైశాఖ పౌర్ణమికే, రేపటి లాంటి రోజునే. బాపట్ల నుంచి జట్కాలో వెళ్ళి, సరుగుడు తోటల దగ్గర దిగి, ఇసకలో నడిచాం. ఒడ్డంతా ఎడ్లబండ్లు, జనం. నేను కాలవల్లో ఈత నేర్చినవాణ్ణి. సముద్రం చూడగానే చొక్కా విప్పాను. సుభద్ర ఆ చొక్కా అందుకుంది, రెండో చేత్తో నా చెయ్యి పట్టుకుంది.

“మీరు దిగకూడదండి” అంది.

“ఏం? పౌర్ణమే కదా.”

“పౌర్ణమే. మీరు దిగకూడదు.”

భయమా అని అడిగాను. కాదంది. మరెందుకంటే మాట్లాడదు. చొక్కా మాత్రం వదలదు. నేను గట్టిగా అడుగుతున్నాను, చుట్టుపక్కల వాళ్ళు చూస్తున్నారు. పక్కనే తడి చీరతో ఒక ముసలావిడ, ఏదో పల్లె నుంచి బండి కట్టుకుని వచ్చినావిడ, జుట్టు పిండుకుంటూ మా వైపు తిరిగింది.

“ఏం నాయనా, అన్నీ ఆ పిల్ల నోరు విప్పి చెప్పాలా? కడుపుతో ఉన్నదాని మొగుడు సముద్రంలో మునక్కూడదు. చొక్కా తొడుక్కో” అంది.

ఆ బండివాళ్ళందరూ నవ్వారు. నేను చొక్కా తిరగేసి తొడుక్కున్నాను. సుభద్ర సముద్రం వైపే చూస్తూ నిలబడింది. తిరిగి వచ్చేటప్పుడు జట్కాలో, ఇంటి దగ్గరే చెప్పొచ్చు కదా అంటే, చెప్పడానికి మాట దొరకలేదంది. ఆ తరవాత, ఈ ప్రయాణం మీ ఇష్టప్రకారం అయింది కాబట్టి వచ్చే ప్రయాణం నా ఇష్టం అంది. మా వంతులు అక్కడ మొదలయ్యాయి.

పద్మ వేళ్ళతో ఏదో లెక్క చూసుకుంది. అది పుట్టింది ఆ ఏడు మార్గశిరంలో.

“అయితే ఆ రోజు నేనూ ఉన్నానన్నమాట” అంది.

“ఉన్నావు.”

తలుపు వెనక అత్తగారు ముక్కు చీదుకున్నారు. తరవాత లోపల నుంచి పద్మని పిలిచి, అటక కింద ట్రంకుపెట్టె ఉంది, ఇవతలికి లాగమన్నారు. పెట్టె లాగిన చప్పుడు, మూత తీసిన చప్పుడు వినపడ్డాయి. ఆ రవికల గుడ్డ ఇలా తే, అడుగున పెడతాను, ఎదిగాక నీకే పనికొస్తుంది అన్నారు. తరవాత పరికిణీలు ఒక్కొక్కటే తీసి, ఇది పొట్టయింది, ఇది ఫరవాలేదు అంటూ పెట్టెలో సర్దడం మొదలుపెట్టారు. పుస్తకాలు కూడా పెట్టమన్నారు. నేను వసారాలోనే కూచున్నాను.

పద్మ మళ్ళీ గడప మీదికి వచ్చింది. “రేపు సముద్రంతో అమ్మ వంతు అయిపోతుంది గదా. ఆ తరవాతి వంతు నాది” అంది.

వరసప్రకారం నాది కదా అన్నాను.

“నీది నా తరవాత. టిక్కెట్లు నా దగ్గరుంటాయి. తెనాలికే. కానీ మధ్యలో నిడుబ్రోలులో దిగాలి.”

“అక్కడేముంది?”

“వంతు నాదయితే నువ్వు అడగకూడదు.”

అడగలేదు. అత్తగారు తలుపు ఇవతలికి వచ్చారు. కొంగు తల మీదికి లాక్కుని, గోడ వైపు చూస్తూ నిలబడ్డారు. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, రేపు రావడం లేదు. “రేపు అలలు పెద్దవిగా ఉంటాయి బాబూ. పిల్ల చెయ్యి వదలకండి” అన్నారు. పెళ్ళయినప్పటి నుంచి ఆవిడ నాతో నేరుగా అన్న మొదటి మాట. వదలనండి అన్నాను. వెంటనే లోపలికి వెళ్ళిపోయారు.

నా పద్ధతిలో అయితే ఈ మూడు రోజుల ప్రయాణం ఒక్క పూటలో అయ్యేది. ఆమె పద్ధతి నాకు పట్టుబడిందని అనను. భట్టిప్రోలు పందిట్లో కూడా చేతి గడియారం చూసుకుంటూనే ఉన్నాను. ముంజలు తింటున్నంతసేపూ వెళ్ళిపోయిన బస్సు ఎందాకా వెళ్ళి ఉంటుందో లెక్క వేశాను. కానీ ఆమె వెళ్ళిపోయాక ఈ లైన్ల మీద రైళ్ళు నడుస్తాయని గుర్తు చేసుకోవడం కూడా ఇష్టం లేకుండా ఏడాది గడిపాను. నడుస్తున్నాయి. వేమూరులో పెళ్ళివారు ఎక్కుతున్నారు. పడవలో నా పక్క చోటు ఖాళీగా ఉంటే ఎవరో ఒకరు అడిగి కూచుంటున్నారు. ఆమె ఉన్నప్పుడు ఇవన్నీ ఆమె చూసి నాకు చెప్పేది, నేను టైము చూసి ఆమెకి చెప్పేవాణ్ణి. ఇద్దరి పనీ ఒక్కడు చేసుకోవడం కష్టం. రేపటి నుంచి అంత అవసరం పడకపోవచ్చు.

పౌర్ణమికి సూర్యలంక వెళ్ళేవాళ్ళకి ఒక్క సలహా. జట్కా ముందురోజే మాట్లాడుకోండి అని అందరూ చెప్తారు. నేను చెప్పేది వేరు. ఒడ్డున బట్టలు పట్టుకోవడానికి ఒక మనిషిని వెంట తీసుకెళ్ళండి. ఇసకలో పెట్టిన బట్టలు ఏ అల వచ్చి తీసుకుపోతుందో తెలీదు. వంతులవారీగా స్నానం చెయ్యండి.

జట్కా ఐదింటికి రమ్మన్నాను. నన్ను దిగొద్దనేవాళ్ళు ఇప్పుడు లేరు. రేపు పొద్దున చొక్కా విప్పి, పద్మ చేతికిచ్చి, సముద్రంలో ముందు నేను దిగుతాను.